తాగొద్దన్న నీళ్ళు బండికెట్ల పోస్తున్నం?

ఇయ్యాల పంట ముచ్చట కాదు, బండి ముచ్చట. చదివి కొందరికి కోపం రావొచ్చు. అయినా చెప్పక తప్పదు.

మన నల్లగొండ జిల్లాల బోరు నీళ్ళు తాగొద్దని చిన్న పిల్లగానికి కూడా ఎరుకే. ఫ్లోరైడ్ సంగతి అట్లుంచుండ్రి, ఆ నీళ్ళల్ల ఉన్న సున్నం చూస్తలేమా? నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగ పేరుకుంటది. హీటర్ రాడ్డు మీద పెంకు కడతది. బత్తాయి తోటల డ్రిప్పు పైపులు మూసుకపోతయని యాసిడ్ పట్టిస్తం. ఇంత తెలిసిన మనమే అవే నీళ్ళు బకెట్ల ముంచి కారు రేడియేటర్ల పోస్తున్నం. ఇంజను కాగితే "పాత బండి కదన్నా, గట్లనే ఉంటది" అని సర్ది చెప్పుకుంటున్నం.

నేననేది ఒక్కటే. చానా బండ్లు పాతవై కాగుతలేవు, మనం పోసే నీళ్ళకు కాగుతున్నయ్.

ఇది దెబ్బ తిని చెప్తున్న మాట. నాది సెకండ్ హ్యాండుల కొన్న మారుతి 800. ఆరేండ్లు దానికి బోరు నీళ్ళే పోసిన. పోయిన ఎండకాలం అమ్మకు కంటి ఆపరేషన్ ఉండి హైదరాబాద్ తీస్కపోతున్న. చౌటుప్పల్ దాటినంక మీటరు ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. టైముకు అందాలె కదా అని ఇంకో ఐదు కిలోమీటర్లు అట్లనే తోలిన. అది నా మొదటి తప్పు. బానెట్ల నుంచి పొగలొస్తుంటే ఆపి, గుడ్డ చుట్టి రేడియేటర్ మూత తిప్పిన. అది రెండో తప్పు. మసిలే నీళ్ళు ఎగజిమ్మి మోచేతి దాక కాలింది. అమ్మ రెండు గంటలు రోడ్డు పక్కన ఎండల కూసుంది. ఆ రోజు ఆపరేషన్ కాలే, మళ్ళ నెలకు డేట్ ఇచ్చిన్రు. బండి విప్పితే రేడియేటర్ గొట్టాలు సగం సున్నంతో మూసుకపోయినయ్, హెడ్డు వంగింది, గ్యాస్కెట్ పోయింది. 17 వేలు ఖర్చు. దీంట్ల బండి తప్పేం లేదు, తప్పు నాది.

ఈ మాట ఊర్ల చెప్తే నాకొచ్చిన జవాబులు ఇవి.

"మా నాయన ట్రాక్టర్‌కు నీళ్ళే పోసిండు, ముప్పై ఏండ్లు నడిచింది." నిజమే. అప్పుడు మీ నాయన పోసింది బావి నీళ్ళో, వాగు నీళ్ళో. ఇప్పుడు మనం తోడేది ఐదారు వందల ఫీట్ల లోతుల నుంచి. పైగా ఆ ఇంజను మొత్తం మోటు ఇనుము. కారు ఇంజను హెడ్డు అల్యూమినియం. ఒక్కసారి ఎక్కువ కాగితే వంగుతది.

"కూలంట్ చలి దేశాలోళ్ళకు, మన దగ్గర నీళ్ళు గడ్డ కడతయా?" కట్టవు. కూలంట్ పని గడ్డ కట్టకుండ చూసుడొక్కటే కాదు. నీళ్ళు మసిలే వేడిని పెంచుతది, లోపల తుప్పు పట్టనీయదు, వాటర్ పంపు సీలును కాపాడుతది. ఇవన్నీ చలి దేశం కంటే మన మే నెల ఎండకే ఎక్కువ అక్కెర.

"థర్మోస్టాట్ వాల్వు పీకేస్తే చల్లగుంటది." నా బండికి కూడా ఎవరో పీకేసిన్రు. ఇంజనుకు చల్లదనం ఎంత అవసరమో, తగినంత వేడి కూడా అంతే అవసరం. ఆ వాల్వు సుమారు 80, 90 డిగ్రీల నడుమ తెరుసుకుంటది. అది లేకుంటే చలికాలం ఇంజను ఎంతసేపటికీ వేడెక్కదు, పెట్రోల్ ఎక్కువ తాగుతది, లోపల తొందరగ అరుగుతది. వాల్వు పీకుడు రోగం కుదిర్చేది కాదు, కప్పిపెట్టేది. అనుమానముంటే వాల్వును గిన్నెల నీళ్ళల్ల వేసి కాచుండ్రి. నీళ్ళు మసిలే లోపే తెరుసుకోవాలె. తెరుసుకోకుంటే కొత్తది వెయ్యాలె, ఖాళీగ వదలొద్దు.

"పైసలెక్కడియి?" మారుతి 800కు పట్టేదే నాలుగు లీటర్ల లోపు. సగం కూలంట్, సగం డిస్టిల్డ్ వాటర్. వెయ్యి రూపాయల అటు ఇటుల పనైపోతది, రెండేండ్లకు ఒకసారి. నా 17 వేలతోటి లెక్క చూసుకోండ్రి. డబ్బా మీద చదివి కొనుండ్రి, కొన్ని ముందే కలిపి వస్తయ్, వాటిల మళ్ళ నీళ్ళు కలపొద్దు. డిస్టిల్డ్ దొరకకుంటే ఆర్‌వో నీళ్ళన్నా కలుపుండ్రి, బోరు నీళ్ళ కంటే ఎంతో నయం.

ఒక మాట గట్టిగ చెప్తున్న. డ్రిప్పుకు వాడే యాసిడ్ రేడియేటర్ల పొయ్యాలన్న ఆలోచన మాత్రం చెయ్యకుండ్రి. అల్యూమినియాన్ని తినేస్తది. సున్నం పట్టినదాన్ని రేడియేటర్ పనోళ్ళ దగ్గర విప్పి కడిగించాలె.

నెలకొకసారి పది నిమిషాలు పెట్టుండ్రి. పొద్దున ఇంజను చల్లగున్నప్పుడే మూత తీసి మట్టం చూడుండ్రి. మూత లోపలి రబ్బరు పగిలితే మూత మార్చాలె, ఆ బిగువు లేకుంటే నీళ్ళు తొందరగ మసులుతయ్. హోస్ పైపులు పిసికి చూడుండ్రి, ఉబ్బినా పగిలినా మార్చుండ్రి. వరి కోతల కాలంల రేడియేటర్ రెక్కల నడుమ పొట్టు ఇరుక్కుంటది, ఇంజను వైపు నుంచి బయటికి మెల్లగ నీళ్ళు కొట్టుండ్రి. బండి నిలబెట్టి నడిపిస్తే ముల్లు సగం దాటే వరకు ఫ్యాన్ తిరగాలె. ఇంజనాయిల్ మూత కింద చాయ రంగు నురుగు కనబడితే గ్యాస్కెట్ మీద అనుమానపడి వెంటనే చూపించుండ్రి.

దారిల ముల్లు లేస్తే ఏసీ బంద్ చేసి పక్కకు ఆపుండ్రి. ఆగేదాక హీటర్ పూర్తిగ పెడితే కొంత వేడి గుంజుకుంటది. ఆపినంక అరగంట, గంట దాక మూత ముట్టొద్దు. కాగిన ఇంజన్ల చల్లటి నీళ్ళు పొయ్యొద్దు, హెడ్డు పగులుతది.

తీసిన పాత కూలంట్ వాకిట్ల పారబొయ్యకుండ్రి. అది తియ్యగుండే విషం. కుక్కలు, దూడలు తాగితే సస్తయ్.

2014ల మారుతి 800 తయారీ ఆగిపోయింది. మన దగ్గరున్నవన్నీ ఇగ పాతవే. కొత్తది కొనే తాహతు మనల ఎంతమందికి ఉన్నది? అందుకే ఉన్నదాన్ని కాపాడుకోవాలె. అర్ధరాత్రి ఆడపిల్లకు నొప్పులొస్తే దవాఖానకు పోయేది అదే బండిల. "గట్లనే ఉంటది" అనే మాట ఇయ్యాల్టి నుంచి బంద్ చేద్దాం. రేపు పొద్దున మూత తీసి, లోపల నీళ్ళు ఏ రంగున్నయో ఒక్కసారి చూడుండ్రి. ఎర్రగ తుప్పు రంగుంటే, మీ బండి కూడా నా బండి బాటనే పట్టినట్టు.