కుర్చీ మనది, పెత్తనం ఎవరిది?

సోదరులారా, 1960 జనవరి 11న మన సీమ మాలోళ్ల బిడ్డ దామోదరం సంజీవయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయినాడు. కర్నూలు జిల్లా పెదపాడులో పుట్టినాడు. మద్రాసులో లా చదివినాడు. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. ప్రతి జయంతికీ నాయకులు మైకులో ఈ మాట చెప్పి, దండేసి దిగిపోతారు. ఆ కుర్చీ ఎట్ల వచ్చిందో, ఎట్ల పోయిందో చెప్పరు. మనం చెప్పుకుందాం.

నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడై ఢిల్లీకి పోతే ఇక్కడ కుర్చీ ఖాళీ అయింది. అందులో సంజీవయ్యను కూర్చోబెట్టినారు. 1962 ఎన్నికలైనాయి. మార్చి 12న రెడ్డిగారు తిరిగొచ్చి తన కుర్చీలో తాను కూర్చున్నాడు. ఆయన వదిలిన అధ్యక్ష పదవి సంజీవయ్యకు దక్కింది. పైకి చూస్తే ప్రమోషన్. రాష్ట్రం మాత్రం మన చెయ్యి జారింది.

చేతగాక దిగినాడా? ఉన్న రెండేండ్ల రెండు నెలల్లోనే ముసలోళ్లకు పింఛను పెట్టినాడు. బంజర్లు పేదలకు పంచినాడు. 1961లో లంచగొండుల్ని పట్టే ఏసీబీ వచ్చింది ఆయన పాలనలోనే. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండగా 1965లో బోనస్ చట్టం వచ్చింది. మరి లోపం ఎక్కడ? మనిషిలో లేదు. కుర్చీ ఇచ్చే చెయ్యి, లాగే చెయ్యి ఒకటే కావడంలో ఉంది.

అరవై ఏండ్లు దాటినా రాష్ట్రానికి ఇంకో దళిత ముఖ్యమంత్రి రాలేదు. 2022లో రాయచోటి జిల్లా కేంద్రమైంది, జిల్లాలు 26 అయినాయి. ఒక్క జిల్లాకైనా సంజీవయ్య పేరు పెట్టినారా?

"మీకు పదవులు ఇచ్చినాం గదా" అంటారు. ఇచ్చినోడు ఎప్పుడైనా తీసుకుంటాడప్పా! 73వ రాజ్యాంగ సవరణతో సర్పంచి నుంచి జడ్పీ దాకా మన వాటా చట్టంలోకి ఎక్కింది. అది ఎవరి భిక్షమూ కాదు. అయినా ఎన్ని పల్లెల్లో బోర్డు మీద వాడ మనిషి పేరు, రబ్బరు స్టాంపు పెద్దింటి బీరువాలో? హైదరాబాదులో జరిగిందే ఊళ్లోనూ జరుగుతాంది.

కాబట్టి రిజర్వేషన్ సీటుకు మనిషిని వాడంతా కూర్చొని ఎంచాల, పెద్దింటి అరుగు మీద కాదు. మాల, మాదిగ ఒక్క మాట మీద ఉండాల. గెలిచినాక స్టాంపు, చెక్కుబుక్కు, తీర్మానాల పుస్తకం సర్పంచి చేతిలోనే ఉండాల. గ్రామసభలో మొదటి ప్రశ్న డీకేటీ భూమి మీద, రెండోది శ్మశానం దారి మీద అడగాల. సంజీవయ్యకు దండ తర్వాత వేద్దాం. ముందు స్టాంపు ఇంటికి తెచ్చుకుందాం.

జై భీమ్!