రాజధాని పాఠం అనుపులో మొదలుపెడదాం

సోషల్‌లో న్యూఢిల్లీ ప్రాజెక్ట్ ఇవ్వగానే ఇంట్లో ఏం జరుగుతుందో తల్లిదండ్రులకు తెలిసిందే. రాష్ట్రపతి భవన్, ఇండియా గేట్ కలర్ ప్రింట్లు తీయించి ఛార్ట్ మీద అంటిస్తారు. పక్కన 1911లో ప్రకటన, 1931లో ప్రారంభం, లుట్యెన్స్, బేకర్ అని రాస్తారు. మార్కులు పడిపోతాయి. అక్కడ అంతకుముందు రైసినా, మాల్చా లాంటి ఊళ్లుండేవని, వాటి భూములు తీసుకునే నగరం కట్టారని ఛార్టులో ఉండదు. మొదట ఉత్తర ఢిల్లీలో శంకుస్థాపన చేసి, ఆ తర్వాత చోటు మార్చారనీ ఉండదు. నా దృష్టిలో అసలు పాఠం అదే.

ఇది అర్థం కావడానికి మన పిల్లలు ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. మాచర్ల పక్కనే ఒక రాజధాని నీళ్ల కింద ఉంది. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి అది. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ. కోటకు గోడ, కందకం. నది ఒడ్డున స్నానఘట్టం, గుడులు. లోయలో బౌద్ధ విహారాలు. అక్కడి మహాచైత్యానికి దానమిచ్చింది శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ (ఆడపిల్లలకు ఈ మాట తప్పక చెప్పాలి). సాగర్ డ్యామ్‌తో లోయ మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండ మీద, అనుపులో తిరిగి నిర్మించారు. కుడి కాలువలో మన పొలాలకొచ్చే నీళ్లు ఆ లోయను ముంచిన జలాశయంవే.

అనుపు రంగస్థలం మెట్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టి అడగాలి. రాజు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నాడు? తాగునీరు ఎక్కడిది? వరదొస్తే ఎలా? డ్యామ్ కడితే ఎవరి ఊళ్లు పోయాయి? ఆ తర్వాత అవే ప్రశ్నలు న్యూఢిల్లీ మ్యాప్ ముందు పెట్టి అడగాలి, అమరావతి మ్యాప్ ముందు కూడా.

అమరావతి అనగానే రాజకీయం వస్తుందని టీచర్లు జంకుతారు. కానీ రైతులు ల్యాండ్ పూలింగ్‌లో 33 వేల ఎకరాలకు పైగా ఇవ్వడం, 2015లో శంకుస్థాపన, మధ్యలో ఏళ్ల తరబడి పనులు ఆగడం, 2025లో మళ్లీ మొదలవడం పిల్లలు ఇంట్లో వింటూనే ఉన్నారు. కొండవీటి వాగు వరదను ఎటు మళ్లించాలన్నది ఎనిమిదో తరగతి పిల్లలు కూడా మ్యాప్ మీద ఆలోచించగల విషయమే. ఆ ఊళ్లలో బంధువులున్న పిల్లల్ని క్లాసులో మాట్లాడనివ్వాలి. ఏ పార్టీ మంచిదో టీచర్ చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఈసారి ఫీల్డ్ ట్రిప్‌కు ఎక్కడికని స్కూలు అడిగితే, వాటర్ పార్క్ బదులు అనుపు అని చెప్పండి. ఎండలు ముదరకముందు, జనవరిలో అయితే మేలు.