అమ్మాయి కూర్చుంటే లక్ష్మి వెళ్ళిపోతుందా?

కిందటి మాఘమాసంలో మా తమ్ముడి కూతురి పెళ్ళి బట్టలకని సికింద్రాబాదులో ఒక చీరల షాపుకి వెళ్ళాం. షాపు పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క షాపు సంగతి కాదు. ఆడవాళ్ళు చీరలు విప్పించి చూస్తుంటే చేసేదేం లేక నేను ఒక మూల కూర్చున్నాను. ముప్ఫై ఏళ్ళకు పైగా డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసినవాడికి ఊరికే కూర్చున్నా ఏదో ఒకటి లెక్కపెట్టడం అలవాటు. ఆ అంతస్తులో పద్నాలుగు మంది సేల్స్ అమ్మాయిలు. కుర్చీలు, స్టూళ్ళు కలిపి పదకొండు. అన్నీ కొనేవాళ్ళకే. మేమున్న మూడున్నర గంటల్లో ఆ అమ్మాయిల్లో ఒక్కరు కూడా కూర్చోలేదు.

మాకు చీరలు చూపిస్తున్న అమ్మాయి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడింది. “కాసేపు కూర్చోమ్మా” అని నా కుర్చీ జరిపాను. “వద్దంకుల్, పైన కెమెరా ఉంది” అంది. పొద్దున పదింటికి వస్తే రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్తుందట. మధ్యలో భోజనానికి అరగంట.

బిల్లు కట్టేటప్పుడు యజమానిని అడిగాను. మర్యాదస్తుడే. “పనివాళ్ళు కూర్చుంటే షాపులో లక్ష్మి నిలవదు సార్, మా నాన్నగారి కాలం నుంచీ ఇంతే” అన్నాడు. ఆయన తలపైన గోడకి లక్ష్మీదేవి పటం, దానికి మల్లెదండ. అమ్మవారు పద్మంలో హాయిగా కూర్చుని ఉంది. నిలబడ్డ లక్ష్మి పటం దుకాణంలో పెట్టకూడదని, పెడితే ఆవిడ నడిచి వెళ్ళిపోతుందని వ్యాపారస్తుల్లో ఒక నమ్మకం ఉంది. బొమ్మ నిలబడితే నష్టమట, మనిషి కూర్చుంటే నష్టమట! ఇంకో విషయం. ఆయనగారు గల్లాపెట్టె దగ్గర మెత్తటి కుర్చీలో పొద్దుటి నుంచీ కూర్చునే ఉన్నాడు. దానికి లక్ష్మికి అభ్యంతరం లేదు. నెలజీతం తీసుకునేవాళ్ళు కూర్చుంటేనే అలిగి వెళ్ళిపోయే దేవత అన్నమాట.

నా ఉద్దేశంలో ఇక్కడ మూఢనమ్మకం పైపూత మాత్రమే. కింద ఉన్నది పెత్తనం. కూర్చుంటే బద్ధకిస్తారని, జీతమిచ్చినవాడి కళ్ళముందు పనివాడు నిలబడి ఉండాలని ఒక పాత లెక్క. దానికి ప్రశ్న రాకుండా దేవుణ్ణి జామీనుగా పెట్టారు. “కొనేవాళ్ళకి అగౌరవం” అనేది రెండో వాదం. బ్యాంకులో గుమాస్తా కూర్చునే మన డబ్బు లెక్కపెడతాడు. డాక్టరు కూర్చునే మన నాడి చూస్తాడు. ఎవరికి అగౌరవం జరిగింది?

ఇది నేను కొత్తగా కనిపెట్టిన గొడవ కాదు. ఇంగ్లండులో 1899లోనే షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు ముగ్గురికి ఒక ఆసనమైనా ఉండాలని చట్టం చేశారు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్, నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని చెప్పింది. కానీ ఫ్యాక్టరీ గేటు దాటి ఆ మాట బజారుకి రాలేదు. కేరళలో కోళికోడ్ మిఠాయి తెరువులో పనిచేసే ఆడవాళ్ళకి టాయిలెట్ కూడా ఉండేది కాదు, నీళ్ళు తాగకుండా రోజు గడిపేవాళ్ళు. దర్జీ పనిచేసే విజి అనే ఆవిడ ‘పెణ్‌కూట్టు’ పేరుతో వాళ్ళని కూడగట్టింది. ముందు టాయిలెట్, తర్వాత కుర్చీ. ఏళ్ళ తరబడి కొట్లాడితే 2018లో కేరళ షాపుల చట్టం సవరించి కూర్చునే హక్కు ఇచ్చారు. 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది.

అప్పటి నుంచీ కేరళలో లక్ష్మి వెళ్ళిపోయిందా? అమ్మాయిలు కూర్చున్నందువల్ల మూతపడ్డ షాపు ఒక్కటి చూపించమనండి. 2020లో అన్నీ మూతపడ్డాయి నిజమే. దానికి కారణం వైరస్, స్టూలు కాదు.

ఇక నాకు తెలిసిన విద్య. పద్నాలుగు మందీ ఒకేసారి కూర్చోరు, ఏడు స్టూళ్ళు చాలు. మా ఇంటికి ఈమధ్య కొన్న స్టూలు 450 రూపాయలు. ఏడింటికి 3,150. మూడేళ్ళలో పూర్తిగా అరిగిపోయాయనుకున్నా రోజుకి మూడు రూపాయల లోపు. ఆ రోజు మా ఒక్క బిల్లే 61 వేల చిల్లర. రెండో వైపు చూడండి. రోజూ గంటల తరబడి నిలబడితే పాదాల వాపు, నడుంనొప్పి, పిక్కల్లో నరాలు ఉబ్బడం. ఆ మందుల ఖర్చు షాపు పుస్తకంలో ఎక్కడా కనపడదు, ఆ అమ్మాయి ఇంటి ఖర్చులో కనపడుతుంది. ఒకరి ఖర్చు ఇంకొకరి పద్దులో రాస్తే ఆడిట్‌లో అభ్యంతరం పెట్టకుండా వదిలేవాళ్ళం కాదు.

చిన్న దుకాణదారు ఇవన్నీ భరించలేడంటారు. మా వీధి చివర కిరాణా కొట్టు భార్యాభర్తలిద్దరిదీ. ఆవిడ కాటా పక్కనే పీటేసుకుని కూర్చుని పప్పు తూస్తుంది. గిరాకీ ఏం తగ్గలేదు. (బోర్డు మీద ఆయన పేరొక్కటే ఉంది. అది ఇంకో వ్యాసం.) 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర కార్మిక భద్రతా కోడ్‌లో కూర్చునే ఏర్పాటు మాట ఉంది కానీ, అది పదిమంది, అంతకు పైబడి పనిచేసే చోట్లకే. నలుగురైదుగురు అమ్మాయిలుండే కొట్లే మన బజార్ల నిండా ఉన్నాయి. పీట వేయాల్సింది అక్కడే.

మన హేతువాదులతో ఒక మాట. బాబాల మీద, వాస్తు మీద మన సమావేశాల్లో ఎన్ని ఉపన్యాసాలు విన్నానో లెక్కలేదు. ఉపన్యాసం ముగించుకుని పండక్కి మనమూ ఆ షాపులకే వెళ్తాం. ఇరవై ఏళ్ళుగా ఆ షాపులోనే బట్టలు కొంటున్న నేను కుర్చీలు లెక్కపెట్టింది ఇదే మొదటిసారి. విభూతి గారడీ పట్టుకున్నంత తేలిగ్గా ఇది కంటికి కనపడదు, ఎందుకంటే ఈ నమ్మకంలో మన సౌకర్యం కూడా కలిసి ఉంది.

ఇంటికొచ్చాక బిల్లు నంబరుతో సహా యజమానికి ఉత్తరం రాశాను, స్టూళ్ళ లెక్క జతచేశాను. పది రోజులకి ఫోన్ చేశాడు. “చూద్దాం సార్, శ్రావణమాసం గిరాకీ అయిపోనివ్వండి” అన్నాడు. ఆ అమ్మాయిలు అందరికన్నా ఎక్కువసేపు నిలబడేది శ్రావణమాసంలోనే. వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు మళ్ళీ వెళ్ళి లెక్కపెట్టి వస్తాను.