కావలివాడి కేకకి లెక్క ఉందా?

సంఖ్యాశాస్త్రం అనగానే మన మిత్రులకి పరీక్ష కోసం బట్టీపట్టే సూత్రాలు గుర్తుకొస్తాయి. "పరికల్పనా పరీక్ష" అనే పాఠం మొదలైందంటే వెనక బెంచీలు నిద్రకి పడతాయి. కానీ అది చేను గట్టు మీద నిలబడి చెప్పుకోవాల్సిన పాఠం అని నా ఉద్దేశం.

అడవిపందుల బెడద ఉన్న చోట రైతులు చేను చుట్టూ మంచెలు వేసుకుని కాపలా కాస్తారు. మంచె మీదవాడు తను చూసిందంతా వర్ణించి చెప్పడు. చీకట్లో అంతదూరం వినపడేది ఒక్క కేక. వేస్తే పంది వచ్చినట్టు, వెయ్యకపోతే రానట్టు. ఈనాడు మంచె స్థానంలో సెన్సర్ పెట్టినా సమస్య అదే. చిన్న బ్యాటరీతో నడిచే ఆ పరికరానికి లెక్క చేసుకోవడం కంటే రేడియోలో కబురు పంపడమే ఖర్చెక్కువ. అందుకని కొలిచిందంతా పంపకుండా "ఉంది" లేక "లేదు" అని ఒక్క బిట్టు పంపిస్తుంది. మధ్యలో ఉన్న పెట్టె ఆ బిట్లన్నీ చూసి తీర్పు చెప్పాలి.

తప్పులు రెండు రకాలు. పంది లేకుండానే కేక వెయ్యడం ఒకటి, వచ్చినా ఊరుకోవడం రెండోది. మొదటి దానికి హద్దు పెట్టుకుని రెండో దాన్ని వీలైనంత తగ్గించే దారి 1933లో నేమన్, పియర్సన్ చూపించారు. ఐతే వాళ్ళ లెక్కలో సాక్ష్యమంతా ఒక్కడి చేతిలోనే ఉంటుంది. అది పదిచోట్ల చెదిరి ఉంటే? 1981లో టెన్నీ, సాండెల్ ఈ ప్రశ్న తీసుకున్నారు. ఒక కాపలాదారు ఎంత అనుమానం కలిగితే కేక వెయ్యాలన్నది పక్కవాడి పద్ధతి మీద కూడా ఆధారపడి ఉంటుందని తేల్చారు. ఎవరికివారు మంచి కాపలాదారులైతే చాలదన్నమాట.

చిన్న లెక్క చూడండి. మూడు సెన్సర్లున్నాయి. ఏ తప్పైనా సరే, ఒక్కొక్కటీ నూటికి 20 సార్లు చేస్తుందనుకుందాం. "ఒక్కటి కేక వేసినా లేవాలి" అని నియమం పెడితే, పంది వచ్చిన వెయ్యి రాత్రుల్లో మనకి తెలియకుండా పోయేవి 8 మాత్రమే. కానీ రాని వెయ్యి రాత్రుల్లో 488 సార్లు ఊరికే లేవాలి. "మూడూ చెప్తేనే లేస్తాం" అంటే ఈ రెండంకెలూ తారుమారవుతాయి. "రెండు చెప్తే చాలు" అంటే రెండు తప్పులూ 104 దగ్గర ఆగుతాయి. అవే పరికరాలు, అవే కేకలు, తీర్పు మాత్రం వేరు!

మరి ఏ నియమం మంచిది? ఒట్టి గణితం దీనికి జవాబు చెప్పలేదు. నష్టపోయేది ఎవరో వాళ్ళే చెప్పాలి. వేరుశనగ కాయ ఊరే రోజుల్లో ఒక్క రాత్రి పందుల మంద పడితే ఆ మడి మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే మా ఇంట్లో ఐతే నిద్ర పాడైనా ఫరవాలేదంటారు. అలాగని రోజు విడిచి రోజు ఉత్త కేకలొస్తే "నాన్నా పులి" కథే అవుతుంది, నాలుగు వారాలు పోయాక ఎవరూ లేవరు. కాబట్టి హద్దు ఎక్కడ పెట్టాలో చేను గలవాడు చెప్పాలి. తయారుచేసినవాడు పట్నంలో కూర్చుని ముందే బిగించి అమ్మడం న్యాయం కాదు.

ఇంకో సంగతి. సెన్సర్లు వేటికవి విడివిడిగా పొరబడితేనే పై లెక్క నిజం. ఒకే ఈదురుగాలికి మూడూ అదిరి కేక వేస్తే అక్కడున్నది ముగ్గురు సాక్షులు కారు, ఒక్కడే. "పది పెట్టుకోండి, భయం లేదు" అనేవాళ్ళ మాట ఇక్కడే తేలిపోతుంది.

మిత్రులారా! మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. ఇలాంటి పరికరం మన చేలోకి వచ్చిన రోజున లెక్క తెలిసిన రైతుబిడ్డ రెండు ప్రశ్నలు అడగాలి. ఏ తప్పుకి ఎంత ఖరీదు కట్టారు? ఎవర్ని అడిగి కట్టారు? నాణేలు, పాచికలు ఎగరేయించే ప్రాక్టికల్ రికార్డులో ఒక్క ప్రయోగమైనా చేను గట్టు మీద చేయించమని మా అధ్యాపకులకి మనవి.

— మూడవ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి