కన్యాశుల్కమున రక్తపిపాసి యెవరు?

పాశ్చాత్య నవలలయందలి వృద్ధపురుషులలో రక్తపిశాచ లక్షణమును దర్శించుట విమర్శకులలో పరిపాటియైనది. బ్రామ్ స్టోకర్ 1897లో ప్రకటించిన ‘డ్రాక్యులా’లో ముదుసలి ప్రభువు పరుల రక్తముచే యౌవనమును మరల పొందును. జార్జి ఇలియట్ ‘మిడిల్‌మార్చ్’లోని కసాబన్ పండితుడు రక్తము త్రాగడు, కాని పడుచుభార్య జీవితమును తన శుష్కగ్రంథమునకు ధారపోయించుకొనజూచును.

ఈ దృష్టిని తెలుగునకు అన్వయింపబూనువారికి తొలుత తోచువాడు గురజాడవారి లుబ్ధావధానులు. కన్యాశుల్కము నవల కాదు, నాటకము. అయినను దాని తొలి ముద్రణము సైతము 1897లోనే వెలువడినది. ముసలివరుడు, పసిబాలిక, నడుమ 1800 రూపాయల బేరము: పోలిక సులభముగానే కుదురును. కాని సులభముగా కుదిరినదెల్ల సత్యము కాజాలదు.

మొదటి చిక్కు పేరులోనే యున్నది. బర్టన్ 1870లో బేతాళకథలను ఆంగ్లమున వెలయించుచు బేతాళుని రక్తపిశాచముగా మార్చెను. ఆ కథలలో బేతాళుని పని ప్రశ్నించుట. నెత్తురు త్రాగుట కాదు. పరుల సొమ్ము పీల్చువానిని తెలుగువారు జలగ యందురు. జలగ లోకాంతరమునుండి వచ్చునది కాదు. ఊరివారందరు దిగు చెరువులోనిదే.

నాటకమున దయ్యము ప్రసక్తి లేకపోలేదు. పెండ్లికూతురు మాయమైన పిదప గవరయ్య దయ్యమును సీసాలో బంధించితినని చెప్పును. అవధానులు గడగడ వణకును. పిశాచమును వెలుపల వెదకువారిని గురజాడ అచ్చట నవ్వులపాలు చేసెను. ఆయన వెదకిన చోటు వేరు. తొలి ముద్రణపు ఆంగ్ల పీఠికలో, విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో నమోదైన శుల్కవివాహములు 1034 అనియు, వధువులలో ఐదేండ్లవారు 99 మంది, ఏడాది శిశువులు ముగ్గురు అనియు లెక్క చూపెను.

ఈ లెక్కలో వరుడొక్కడే లేడు. పెద్దకూతురు బుచ్చమ్మ వైధవ్యమును కన్నులార చూచుచునే అగ్నిహోత్రావధానులు రెండవ కూతును అమ్మజూచును. రామప్పపంతులు బేరము నడుపుచు, ఆ లోభినే పీల్చును. తుదకు హత్యాభియోగమున చిక్కిన లుబ్ధావధానులు జాలిగొలుపు ముసలివాడుగా మిగులును.

ప్రతీకవిమర్శ వలదనుట కాదు. డ్రాక్యులా వధతో ఆ కథ ముగియును. లుబ్ధావధానులను పిశాచమని నిర్ణయించి వధించినను 1034 పెండ్లిండ్లలో ఒక్కటియు ఆగదు. ఏ ప్రతీక తండ్రిని, తగవరిని, పెండ్లిభోజనమునకు వచ్చిన ఊరిని నిర్దోషులను చేయునో, అది ఈ కృతికి తగిన ప్రతీక కాదు.