తన దెబ్బలు తానే లెక్కించుకొను ఆట



గోల్ఫ్ అనే మాట మన మర్రిగూడలో వినబడితే "అది పెద్దోళ్ల ఆట, మనకెందుకు?" అని నవ్వి ఊరుకొనేవారే ఎక్కువ. అయితే మన యౌవనస్థులు ఎందరో పని కొరకు హైదరాబాదు వెళ్లుచున్నారు. గోల్కొండ కోట నయాఖిలాలోను, గచ్చిబౌలి వైపున బండరాళ్ల గుట్టల నడుమను పరచిన పచ్చిక మైదానముల సంగతి పండుగకు వచ్చినప్పుడు ఇంట్లో చెప్పుచున్నారు. "గంత జాగ, గన్ని నీళ్లు ఒక్క ఆటకా అయ్యగారూ?" అని కొందరు మమ్మును అడిగారు. మంచి ప్రశ్న. ఒకదానిని మెచ్చుకొనుటకైనను నిందించుటకైనను ముందు దానిని తెలిసికొనుట మేలు గనుక, ఈ నెల ఆ ఆటను గూర్చి ఆలోచించుదము.

చిన్నతనమున చిర్రగోనె ఆడినవారికి గోల్ఫ్ అర్థము కావడము కష్టము కాదు. చిర్రను ఎంత దూరము కొడితే అంత గొప్ప. గోల్ఫులో దూరముతోబాటు గురి కూడ కావలెను. 46 గ్రాములైనను తూగని చిన్న గట్టి బంతిని పొడవాటి కర్రతో కొట్టుచు పోయి, చాల దూరమున నేలలో తీసిన గుంటలో పడవేయవలెను. ఆ గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళములే. పూర్తి మైదానములో అట్టి గుంటలు 18 ఉండును. అన్నిటికంటె తక్కువ దెబ్బలతో ముగించినవాడే గెలిచినవాడు.

ఇది స్కాట్లాండులో పెరిగిన ఆట. జనులు విలువిద్య సాధన మాని దీని వెంట పడుచున్నారని 1457లో అక్కడి పార్లమెంటు దీనిని నిషేధించినదట! అయినను ఆట ఆగలేదు. 1829లోనే కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు ఏర్పడినది. బ్రిటిషు దీవుల వెలుపల నేటికిని నడుచుచున్న క్లబ్బులలో అదే మిక్కిలి పాతది.

ఈ ఆటలో సంతోషమేమి? మొదటిది నడక. 18 గుంటలు ముగించుటకు ఎనిమిది కిలోమీటర్ల వరకు నడవవలసియుండును. రెండవది, వయస్సు అడ్డము కాదు. హ్యాండిక్యాప్ అనే ఏర్పాటు వలన బలహీనుడైన ఆటగానికి కొన్ని దెబ్బలు మినహాయింపు దొరుకును. గనుక డెబ్బది ఏండ్ల తాతయు ఇరువది ఏండ్ల మనుమడును సరిసమానముగా పోటీపడవచ్చును. ఇట్లు తాతను ప్రక్కన కూర్చుండబెట్టని ఆటలు ఎన్ని ఉన్నవి? మూడవది, ఇది ధనికుల ఆటే అయినను పేదవాడు దీనిలో పైకి వచ్చిన సందర్భములు లేకపోలేదు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో ఇతరుల సంచులు మోసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచారు. ఆట మీదనే బ్రదుకు భారతీయులలో ఆ పోటీ గెలిచిన మొదటివారు ఆయనే. పుట్టుకతో వినికిడి లేని దీక్షా డాగర్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్సులో బంగారు పతకము తెచ్చింది.

విసుగు కూడ తక్కువేమి కాదు. క్రికెట్టులో బంతి వేసినవానిని నిందించవచ్చును. ఇక్కడ బంతి కదలక మెదలక కాళ్ల ముందే ఉండును. అయినను కర్ర ముఖము రవ్వంత ప్రక్కకు తిరిగితే చాలు, బంతి పొదలపాలగును. 2019 నుండి దానిని వెదకుటకు మూడు నిమిషములే గడువు. దొరకకపోతే దండన దెబ్బ కలుపుకొని మరల మొదటి చోటి నుండి కొట్టవలెను. సరదాగా ఆడువారిలో చాలమంది ఏండ్ల తరబడి ఆడినను నిర్ణీత దెబ్బలలో ముగించలేరు. తప్పు మోపుటకు ఎదుట ఎవరును లేరు. పైగా కర్రలు, సభ్యత్వము, సగము దినము తీరిక కావలెను. ఇవి కూలి చేసికొను ఇంటికి అందునవి కావు.

అయితే మాకు ముఖ్యముగా తోచిన సంగతి వేరొకటి ఉన్నది. సరదా ఆటలో అంపైరు ఉండడు. ఎవరి దెబ్బలు వారే లెక్కపెట్టుకొని చీటీలో వ్రాయవలెను. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ అనే పేరుగాంచిన ఆటగాడు కొట్టబోవుచుండగా గడ్డిలో బంతి కొంచెము కదిలినది. ఎవరును చూడలేదు. అధికారులు నిర్ణయము ఆయనకే విడిచిపెట్టారు. ఆయన తన మీద తానే ఒక దెబ్బ వేసికొన్నారు. చివరకు ఇద్దరి లెక్కలు సమానమై మరల ఆడవలసివచ్చినది, అందులో ఆయన ఓడిపోయారు. ఆ ఒక్క దెబ్బ వ్రాయకుంటే బిరుదు ఆయనదే! ఎవరును చూడనిచోట మనిషి ఏమి వ్రాసికొనునో అదే అతని నిజమైన లెక్క.

ఈ కొలతతోనే ఆట భవిష్యత్తును చూడవలెను. స్కాట్లాండు సముద్ర తీరమున ఇసుక నేలలో వానకే గడ్డి పెరుగును. ఆట అక్కడ పుట్టినది. దానిని మన రాతి నేలకు తెచ్చినప్పుడు ఆ వాన వెంట రాలేదు. గడ్డి పచ్చగా ఉండుటకు ఎండకాలములో దినమునకు లక్షల లీటర్ల నీరు తోడిపోయవలెను. నీటి విలువ మన మర్రిగూడకు ఎవరు చెప్పవలెను? లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, మన బోర్లలో అంతకు కొన్ని రెట్లున్న నీరు త్రాగి మన పిల్లల పండ్లు పచ్చబడినవి, ఎముకలు వంగినవి. చిర్రగోనె ఆడవలసిన వయస్సులో అరుగు మీద కూర్చుండి చూచిన పిల్లలు మన ఇండ్లలో ఉన్నారు. 2016లో మిషన్ భగీరథ ప్రారంభమైన తరువాత కృష్ణా నీరు నల్లాలలోనికి వచ్చినది. ఆ నీటి వెనుక ఒక తరము బాధ ఉన్నది.

కాబట్టి గోల్ఫ్ ఆడువారు దెబ్బలనేగాక నీటిని, నేలను కూడ నిజాయితీగా లెక్క వ్రాయవలెను. మార్గములు లేకపోలేదు. శుద్ధిచేసిన మురుగునీటితో గడ్డి పెంచవచ్చును. తక్కువ నీటితో బ్రతుకు గడ్డి వేయవచ్చును. 18కి బదులు 9 గుంటలతో సరిపెట్టుకొనవచ్చును. నేల సంగతి చూచినను, నయాఖిలాలో పురాతన కట్టడముల నడుమ ఆట మైదానమా అని ఏండ్ల తరబడి వివాదము నడిచినది. స్కాట్లాండులో సెయింట్ ఆండ్రూస్‌లోని మిక్కిలి పేరుగల పాత మైదానము ప్రజల భూమి. కొన్ని ప్రత్యేక దినములు తప్ప ఆదివారము అక్కడ ఆట ఉండదు. ఆ దినమున ఊరివారు పిల్లాపాపలతో ఆ పచ్చిక మీద నడచుచుందురు. పంచుకొను ఆటకే భవిష్యత్తు ఉండునని మా నమ్మకము.

ఇంతలో మన ఇంటి చీటీ కూడ చూచుకొందము. కరెంటు ఉచితమని మడి నిండిన తరువాత కూడ రాత్రంతా బోరు మోటారు నడిపించుచున్నామా? ఊరిలో ఖాళీ జాగ కనబడితే ప్లాటు గీయుటయేనా, పిల్లలు ఆడుకొనుటకు ఒక అర ఎకరమైనను విడిచిపెట్టితిమా? చూచువారు ఎవరును లేరు. లెక్క వ్రాయవలసినవారము మనమే. ఈ నెల భోజనమునకు కూర్చుండినప్పుడు పిల్లలతో ఈ సంగతి మాటలాడండి. వారు మనకంటె నిజముగా లెక్క చెప్పుదురు.