పనితనానికి పత్రం తోడు కావాలి

వెంకటగిరికోట పరిసరాలలోని మన కుటుంబాలలో ఏటా వేసవిలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. పదో తరగతికి వచ్చిన కుర్రవాణ్ణి ఇంకా చదివించడమా, బెంగళూరులో ఏ ఉస్తాద్ దగ్గరో మెకానిక్ షెడ్డులో చేర్చడమా? "డిగ్రీ చదివినవాడు ఖాళీగా తిరుగుతున్నాడు, పని నేర్చినవాడు ఇంటికి డబ్బు పంపుతున్నాడు" అన్నది పెద్దల వాదన. దానిని తేలికగా కొట్టిపారవేయలేము. పేదింటికి మూడేళ్ల సంపాదన చిన్న మొత్తం కాదు. చేతికి ఏ పనీ రాని పట్టభద్రుల ఇక్కట్లూ మన కళ్లెదుటివే.

అయితే లెక్క అక్కడితో ముగియదు. షెడ్డులో పదేళ్లు పనిచేసినవాడు ఇంజిను శబ్దం విని లోపం చెప్పగలడు. కాని ఆ విద్యకు ఉస్తాద్ నోటిమాట తప్ప సాక్ష్యం లేదు. అతడు ఆర్టీసీ డిపోలో అప్రెంటిస్‌గా చేరాలన్నా ఐటీఐ ధ్రువపత్రం అడుగుతారు. ప్రభుత్వ కార్యాలయంలో ఏళ్ల తరబడి దరఖాస్తులు చూసినవాడిగా చెబుతున్నాను: విద్యార్హత గడి ఖాళీగా ఉంటే, గుమస్తా ఎంత దయగలవాడైనా ఆ కాగితాన్ని ముందుకు కదపలేడు.

మన పొరుగున కోలార్ బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. తరతరాలుగా గని పనే ఎరిగిన కుటుంబాల వారు కూలికోసం తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కవలసి వచ్చింది. ఒకే పనికి ముడిపడిన అనుభవం, ఆ పని ఆగిన నాడు ఎంత నిస్సహాయమవుతుందో అది చెప్పిన పాఠం.

ఇది హక్కుల ప్రశ్న కూడా. ఇరవై ఏళ్లు దాటిన దేశ జనాభాలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు సుమారు 7 శాతం ఉండగా, ముస్లింలలో 4 శాతం లోపేనని 2006లో సచార్ కమిటీ తేల్చింది. మరుసటి ఏడే మన రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు విద్య, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ చట్టమైంది. కాని జూనియర్ అసిస్టెంటు ఉద్యోగానికి డిగ్రీ కావాలి, కానిస్టేబులుకు ఇంటర్ కావాలి. తొమ్మిదితో బడి మానినవాడికి ఆ రిజర్వేషన్ వల్ల ఒరిగేదేమిటి? పోరాడి సాధించుకున్న హక్కును మన ఇంట్లోనే వదులుకుంటున్నాము.

కనుక చదువా, పనా అని తగవు పడనవసరం లేదు. పదో తరగతి పూర్తికాకుండా ఏ బిడ్డనూ పనికి పంపరాదు. పనిమీద మక్కువ ఉన్నవాణ్ణి ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో చేర్చాలి. డిప్లొమా ముగించినవారు ఈసెట్ ద్వారా నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇప్పటికే షెడ్డులలో ఉన్నవారికి సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి, ఇంటర్ పూర్తిచేసే వీలుంది. కాలేజీలో ఉన్నవారు సెలవులలో ఒక పని నేర్చుకోవాలి. ఆడపిల్లల విషయంలోనూ ఇదే నియమం. కుట్టు వచ్చినంత మాత్రాన కాలేజీ మాన్పించరాదు.

పని ద్వారా నేర్చిన నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే ఏర్పాటు కేంద్ర కౌశల్ వికాస్ పథకంలో ఉంది. ఆ పరీక్షలను మండల కేంద్రాలలోనే జరపాలని ప్రభుత్వాన్ని కోరుదాం. మసీదు కమిటీలు ఈ వేసవిలోనే బడి మానిన పిల్లల జాబితా తయారుచేసి, జూన్‌లో బడులు తెరిచేలోగా ప్రతి ఇంటి తలుపూ తట్టాలి.